పన్నెండు మందికి ఒక్క మాస్కు

పందిజ్వరం దెబ్బకు మా పల్లెలో మొదట ఊరు విడిచినవి పందులు. వాటికి జ్వరం లేదు. వాటిని మేపుకునేవాడికీ లేదు. ఓర్వకల్లు చుట్టుపక్కల ఏ పల్లెలోనూ అప్పటికి ఎవరికీ లేదు. పత్రికలో మాత్రం ఉంది. కరోనా అనే మాట ఇంకా ఎవరి నోటా పలకని కాలం. ఐదో తరగతితో బడి మానేసి, తక్కిన చదువంతా గ్రంథాలయం బల్ల దగ్గరా టీ అంగడి పత్రిక దగ్గరా చదువుకున్నవాణ్ణి కనుక, అచ్చులో ఉన్నదంటే నాకు గురి. అర్జీ రాసింది నేనే. 'ప్రజారోగ్య దృష్ట్యా' అని ఎత్తుకుని రెండు పేజీలు నింపాను. నా అక్షరాలు చూసి భయపడ్డారో ఏమో, పంచాయతీవాళ్లు పందులన్నిటినీ రాళ్ల గుట్టల అవతలికి తోలించారు. పందులవాడు మా వాకిట్లోకి వచ్చి, "పేపర్లో రాసినోడు నా పందుల్ని యాడ చూసినాడు సామీ?" అని అడిగాడు. చదువు లేనివాడితో వాదమేమిటని నేను లోపలికి పోయాను.

నెల తిరగలేదు. ఊళ్లో ఒక్క పంది లేదు. జ్వరం మాత్రం తిన్నగా మా ఇంటికే వచ్చింది.

మా ఆవిడ కర్నూలులో ఒక పెళ్లికి పోయి దగ్గుతో తిరిగి వచ్చింది. మూడో రోజుకు ఒళ్లు కాలిపోతోంది. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. ఆసుపత్రికి తీసుకుపోయాను. ఏ ఆసుపత్రో రాయను. కర్నూలుకూ కడపకూ మధ్య ఉన్నవాటిలో అదొకటి అనుకోండి. గొంతులో పుల్ల పెట్టి తీసిన తడిని ఎక్కడికో పంపారు. 'అదే' అని కబురొచ్చింది. వెనక వైపున, ఒకప్పుడు విరిగిన మంచాలు వేసిన గదిని కడిగించి, నాలుగు పడకలు వేసి, దాన్నే ప్రత్యేక వార్డు అన్నారు. ఎక్కడానికి ఏడు మెట్లు. రోగికి ఒక్కరే తోడు. ఆ తోడు నేను.

ఇంట్లో మా కూతురు ఉంది. ఏడో నెల. తొలి కాన్పు. ఒడి నింపి అత్తగారి ఊరు కమలాపురం నుంచి పిలుచుకొచ్చి పట్టుమని పది రోజులు కాలేదు. పెళ్లయిన ఆరేళ్లకు నిలిచిన కడుపు. ఆ అమ్మాయిని మా అక్కకు అప్పగించి నేను ఆసుపత్రికి వచ్చాను.

వార్డును నడిపేది ఒక పెద్ద సిస్టర్. ఇంకొన్నేళ్లలో రిటైరు కావలసిన మనిషి. కడప జిల్లా పల్లెలో కిరస్తానీ కుటుంబంలో పుట్టి, పాతకాలపు మిషను ఆసుపత్రిలో పని నేర్చుకుంది. తెల్లచీర, మెడలో చిన్న శిలువ, మాట మాత్రం కట్టెలు కొట్టినట్టు ఉండేది. మొదటి రోజే నన్ను నిలదీసింది.

"ఇంట్లో ఎవరెవరు ఉండారు పెద్దాయనా?"

చెప్పాను.

"కడుపుతో ఉండే పిల్లా? ఆ పిల్ల ఈ మెట్లెక్కకూడదు. చూడు, ఇది మనలాంటి ముసలోళ్లకు వస్తే ఒకరికి వచ్చినట్టు. ఆ పిల్లకు వస్తే ఇద్దరికి వచ్చినట్టు. ఊపిరి అందదు దానికి. తెలిసిందా?"

"తెలుసమ్మా. పందుల నుంచి వచ్చే ఈ వ్యాధి..." అని నేను చదివినది మొదలుపెట్టాను.

"పంది ఏం పాపం చేసిందప్పా? అది పుట్టినప్పటి సంగతి. ఇప్పుడు మనిషి నోట్లో నుంచి మనిషి ముక్కులోకి పోతాండాది. మధ్యలో చెయ్యి మోస్తాండాది. రా ఇట్ల."

నా అరచేతిలో చిటికెడు పసుపు వేసి, రెండు చుక్కల నీళ్లు చల్లి రుద్దుకోమంది. "పోయి నీ పని చూసుకో" అంది. ఇదేం వైద్యమో అనుకుంటూ వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. గంట తరవాత వచ్చి ఒక్కొక్కటే చూపించింది. చెంబు మీద పసుపు. తలుపు గడియ మీద పసుపు. నేను చదువుతున్న పత్రిక అంచుకు పసుపు. మా ఆవిడ నుదుటి మీద పసుపు. అది జ్వరం చూసిన చెయ్యి. నా మీసం మీద, ముక్కు పక్కన, కంటి కొసన పసుపు.

"గంటలో ముక్కు ఎన్నితూర్లు తుడుచుకున్నావో నీకు తెలుసునా?"

తెలియదు. అరవై ఏళ్లు అచ్చు చదివినవాణ్ణి, నా చెయ్యి ఎక్కడ తిరుగుతోందో నాకు తెలియదు.

ఆ రోజు నుంచి కూతురు కిందనే నిలబడేది. ఆటోలో అన్నం క్యారియరు తెచ్చి, కానుగ చెట్టు కింద అరుగు మీద పెట్టి దూరం జరిగేది. నేను దిగి తీసుకునేవాణ్ణి. కిటికీలోంచి వాళ్లమ్మ చెయ్యి ఊపితే తను కింద నుంచి ఊపేది. "నాయినా, అమ్మ తింటాందా?" "తింటాందిలే, నువ్వు పో" అనేవాణ్ణి. పెద్ద సిస్టర్ పైనుంచి చూస్తూ ఉండేది. చుట్టాలెవరు వచ్చినా మెట్ల మొదట్లోనే అడ్డం నిలబడి, ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగి, చెప్పవలసిన కబురు తానే పైకి మోసేది. ఆ వారంలో ఆమె మీద చేసిన ఫిర్యాదులు నా చెవులతో విన్నవే చాలా ఉన్నాయి. పొగరు అన్నారు. మనిషి కాదన్నారు. మా ఆవిడకు జ్వరం దిగుముఖం పట్టింది.

అప్పుడు దిగింది పరీక్ష.

ఏదో నర్సింగ్ కళాశాల నుంచి ఒక మేడమూ వెంట ఇద్దరూ వచ్చారు. పందిజ్వరం గురించి, దాన్ని రాకుండా ఆపడం గురించి నర్సులకు ఎంత తెలుసో కొలుస్తారట. కొలిచి పుస్తకం వేస్తారట. ఒంటివేడి కొలవడానికి ఆ వార్డులో ఉన్నది ఒక్క థర్మామీటరు. దానికోసం నర్సులు ఒకరి మీద ఒకరు అరుచుకునేవారు. తెలివిని కొలవడానికి మాత్రం కాగితాలు కట్టలు కట్టలుగా వచ్చాయి. మనిషికి నలభై ప్రశ్నలు, అన్నీ ఇంగ్లీషులో. ప్రశ్నకు నాలుగు జవాబులు. సరైనదానికి టిక్కు పెట్టాలి.

పక్క గదిలో బల్ల చుట్టూ నర్సులంతా కూర్చున్నారు. మేడం టీ తాగడానికి పోగానే గది సంతయింది. ఒకరి ఫోనులో వెతుకుతున్నారు, ఒకరి కాగితంలోకి ఒకరు తొంగి చూస్తున్నారు. తలుపు దగ్గర బెంచీ మీద నేను పత్రికతో కనబడేసరికి ఒక అమ్మాయి గొంతు తగ్గించి పిలిచింది.

"తాతా, నువ్వు పేపర్లు చదువుతావు గదా. ఇది ఫస్టు ఏ దేశంలో బయటపడింది?"

"మెక్సికో" అన్నాను గంభీరంగా.

అందరూ టిక్కులు పెట్టుకున్నారు. ఆ మార్కు నాది. ఈ దేశపు ఆరోగ్యశాఖకు నేను చేసిన సేవ అదొక్కటే.

పెద్ద సిస్టర్ ఆలస్యంగా వచ్చింది. మూడో మంచం మీది ముసలాయనకు ఆక్సిజను గొట్టం ఊడిపోతే సర్ది వచ్చింది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని కూర్చుంది. ఎవరినీ అడగలేదు. టిక్కులు మాత్రం పెట్టలేదు. పక్కన ఉన్న జాగాలో తెలుగులో రాసింది. తరవాత మేడం ఆ కాగితం పైకెత్తి చదువుతుంటే నేనూ విన్నాను. మాస్కు ఎన్ని గంటలు వాడవచ్చు అన్నదానికి, 'తడిసేదాకా. తడిస్తే పారేయాలి. స్టాకు లేదు' అని ఉంది. చేతులు కడుక్కోవడంలో మొదటి మెట్టు ఏది అన్నదానికి, 'కొళాయిలో నీళ్లు రావడం.' రోగిని విడిగా ఉంచడంలో ముఖ్యంగా దృష్టి పెట్టవలసినది ఏది అన్నదానికి ఒకే మాట: 'చుట్టాలు.'

"సిస్టర్, నాలుగిట్లో ఒకటి పెట్టమంటే మీరు ఐదోది రాస్తున్నారు" అంది మేడం. కోపంగా కాదు, జాలిగా.

"ఆ నాలుగిట్లో లేదు మేడం."

"లేకపోవడమేంటి? ఇది పెద్దవాళ్లు తయారుచేసిన పేపరు."

"వాళ్లు ఈడికి వచ్చినారా మేడం?"

మర్నాటికే ఫలితం. అందరికన్నా తక్కువ మార్కులు పెద్ద సిస్టర్‌కు. అందరికన్నా ఎక్కువ, ఉద్యోగంలో చేరి ఏడాది కాని ఒక చిన్న సిస్టర్‌కు. మెక్సికోను నా దగ్గర కొనుక్కుపోయిన అమ్మాయే. 'అవగాహన లోపించినవారికి' మూడు రోజుల శిక్షణ అన్నారు. అలా పందిజ్వరం వార్డులో పందిజ్వరం తెలిసిన ఒక్క మనిషినీ పందిజ్వరం నేర్చుకోమని పంపించారు. ఆమె జాగాలో మొదటి మార్కు అమ్మాయిని నిలబెట్టారు.

బస్సెక్కే ముందు పెద్ద సిస్టర్ నా దగ్గరికి వచ్చింది.

"మూడు దినాలు. నీ బిడ్డ ఈ మెట్లు తొక్కకూడదు. ఎవరు చెప్పినా సరే. రేపు నేనే ఫోన్ చేసి చెప్పినా సరే."

"నేనుండాను గదమ్మా" అన్నాను.

మా సీమలో ఒక పద్ధతి ఉంది. పెళ్లికి రాకపోతే మరిచిపోతారు. మంచాన పడ్డవాళ్లను చూడటానికి రాకపోతే మూడు తరాలు చెప్పుకుంటారు. రెండో రోజు పొద్దున కమలాపురం నుంచి మా వియ్యంకుడు జీపు వేసుకుని వచ్చాడు. ఆయనతో కలిపి పదకొండు మంది. బ్రెడ్డు ప్యాకెట్లు, ఒక గోతాం చీనీకాయలు. దారిలో మా పల్లెలో ఆగి, కోడలిని కూడా ఎక్కించుకుని వచ్చారు. అల్లుడు రాలేదు, తుమ్మలపల్లె దగ్గర గనిలో ఆ వారం అతనికి పొద్దుటి డ్యూటీ.

వార్డు తలుపు దగ్గర ఉండే కాపలా ఆయన నిక్కచ్చి మనిషి. చెయ్యి అడ్డం పెట్టాడు.

"మాస్కు లేనిదే లోపలికి ఇడ్సము. పైనుంచి ఆర్డరు."

"మాస్కా? మా దగ్గర యాడిది?" అన్నాడు వియ్యంకుడు.

కాపలా ఆయన ఆలోచించాడు. తలుపు పక్క మేకుకు ఒక నీలం మాస్కు వేలాడుతోంది. తీసి ఇచ్చాడు. "దీన్ని పెట్టుకోని పొండి. ఒకరొకరే పోవాల."

ఆర్డరును అంత శ్రద్ధగా పాటించడం నా జన్మలో చూడలేదు. మొదట వియ్యంకుడు పెట్టుకుని పోయి వచ్చాడు. విప్పి తమ్ముడికి ఇచ్చాడు. తమ్ముడు పోయి వచ్చి భార్యకు ఇచ్చాడు. ఒకరొకరే పోవాలన్న నియమం దానంతటదే అమలైంది, ఎందుకంటే మాస్కు ఒక్కటే. ఆకువక్క నములుతున్న పెదనాన్న ఒకాయన పెట్టుకుని తీస్తే ఎర్రటి మరక పడింది. తరవాతి ఆమె దాన్ని తిప్పి, మరక బయటికి వచ్చేలా పెట్టుకుంది. ఆ శుభ్రం మనవాళ్లకు తెలుసు. ఇంకో ఆమె లోపలికి పోయి, "మూతి మూసుకోని పలకరిచ్చేది ఎట్లమ్మా" అంటూ దాన్ని గడ్డం కిందికి లాగి, మా ఆవిడ చెంపలు రెండు చేతులా నిమిరి, మెటికలు విరిచి, మళ్లీ పైకి లాక్కుని బయటికి వచ్చింది. తలుపు దగ్గర మాస్కు ఉంది కదా. కాపలా ఆయనకు అభ్యంతరం లేదు.

చిన్న సిస్టర్ గోడ పక్కన నిలబడి ఉంది. ఆ అమ్మాయికి అన్నీ తెలుసు. అడిగితే ఆ వైరసు పొడవెంతో చెప్పగలదు. పదకొండు మందిని, అందులోనూ జీపులో వచ్చిన పదకొండు మందిని, "ఆగండి" అనడం మాత్రం ఏ ప్రశ్నలోనూ లేదు. ఒకసారి "సార్..." అంది. "ఏమ్మా, మా వియ్యపురాల్ని చూసేదానికి నీ పర్మిషనా?" అన్నాడు వియ్యంకుడు. ఆ అమ్మాయి నేల చూసింది.

చివర మా కూతురు మిగిలింది. కొంగు నడుముకు చుట్టుకుని తలుపు దాకా వచ్చింది.

"నువ్వొద్దు తల్లీ. కిందికి పో" అన్నాను.

"నాయినా, ఒక్క నిమిషం. కిటికీలో చూసి చూసి సరిపోయింది."

"సిస్టరమ్మ వద్దనింది."

వియ్యంకుడు కలగజేసుకున్నాడు. "ఏంది బావా ఇది? పదకొండు మంది పరాయోళ్లము చూసినాము. కన్నబిడ్డ చూడకూడదా? లోకం ఏమంటాది? నా కోడల్ని గడపలోనే నిలబెట్టినావని మా ఊర్లో చెప్పుకోవాల్నా?"

"అది కాదు బావా, కడుపుతో..."

"మూతికి గుడ్డ కట్టుకోనే గదా పొయ్యేది! ఇంత చదివినోనివి, నీకు తెలీదా?"

ఆ 'ఇంత చదివినోనివి' అన్నమాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. చిన్న సిస్టర్ వైపు చూశాను. ఆ అమ్మాయి నా వైపు కాకుండా ఆ పదకొండు మంది వైపు చూసి, "మాస్కు కరెక్టుగా పెట్టుకుంటే... రెండు నిమిషాల్లో రమ్మనండి తాతా" అంది.

నేనే కట్టాను. వాళ్లెవరో కాదు. పన్నెండో మూతికి, నా చేతులతో, చెవుల వెనక దారాలు సర్ది, ముక్కు మీద నొక్కి కట్టాను. గుడ్డ తడిగా ఉంది. నా వేళ్లకు తడి తగిలింది. తగిలినట్టు అప్పుడే నాకు తెలుసు. మాస్కు తడిస్తే పారేయాలన్న మాట మేడం నోట విని నాలుగు రోజులు కాలేదు. తెలిసీ కట్టాను. వియ్యంకుడి ముందు తల ఎత్తుకోవాలని కట్టాను.

లోపల తల్లీ కూతుళ్లు రెండు నిమిషాలు కాదు, పావుగంట ఏడ్చుకున్నారు.

శిక్షణ ముగిసి పెద్ద సిస్టర్ వచ్చిన రోజే, గుడ్డలు మార్చుకుందామని నేను పల్లెకు పోయాను. కూతురు వసారాలో కూర్చుని ఉంది. దగ్గుతోంది. నుదురు ముట్టుకున్నాను. ఆ తరవాత ఆటో ఎక్కించడం, దారి, మెట్లు, ఇవేవీ నాకు సరిగ్గా గుర్తులేవు. నా జ్ఞాపకశక్తి గురించి ఊళ్లో గొప్పగా చెప్పుకుంటారు. ఆ గంట మాత్రం లేదు.

పెద్ద సిస్టర్ చంకలో సర్టిఫికెట్టు అట్ట ఉంది. మమ్మల్ని చూడగానే దాన్ని కిటికీలో పడేసింది.

"ఈ పిల్ల ఎప్పుడు ఎక్కింది మెట్లు?"

"మొన్న."

"ఎవరు పంపినారు?"

"నేనే."

"ఊ."

"గుడ్డ కట్టుకోనే పోయింది సిస్టరమ్మా."

"ఎవరి గుడ్డ?"

నేను తలుపు పక్క మేకు వైపు చూశాను.

"అడుగుతాండా గదా పెద్దాయనా. దీని మూతికి రాకముందు అది ఎన్ని మూతులు తిరిగొచ్చింది?"

"పదకొండు."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె మా కూతురి భుజం పట్టుకుని నెమ్మదిగా మంచం దాకా నడిపించింది. మా ఆవిడ పక్క మంచం. అప్పటికి మా ఆవిడ లేచి గంజి తాగుతోంది. "దీనికెట్ల వచ్చిందయ్యా?" అని నన్ను అడిగింది. "గాలికి" అన్నాను.

డ్యూటీ డాక్టరు కుర్రవాడు, మంచివాడే. రూలు ప్రకారం పరీక్షకు పంపి, ఫలితం వచ్చాక మందు మొదలుపెడదామన్నాడు. ఫలితం రావడానికి రెండు రోజులో మూడు రోజులో.

"సార్, అంతవరకు ఆగితే రిపోర్టు చేతిలో ఉంటాది. పిల్ల ఉండదు" అంది పెద్ద సిస్టర్. "రోగి కూతురు. ఏడో నెల. జ్వరం, దగ్గు, ఆయాసం. ఇంకేం రిపోర్టు కావాల? మీరు సంతకం పెట్టండి, తప్పయితే నా పేరు చెప్పండి."

అతను ఆమెను చూశాడు, మా కూతురిని చూశాడు, సంతకం పెట్టాడు. ఆ పూటే మొదటి కాప్సూలు పడింది.

అల్లుడికి ఫోన్ చేసి చెప్పాను. జరిగినదంతా విన్నాడు. "మామా, మా గనిలో ఒకరి మాస్కు ఇంకొకరు పెట్టుకుంటే లోపలికి గూడా ఇడ్సరు. రాయి పొడికే అంత భయపడతాం" అన్నాడు. అంతే అన్నాడు. గనివాళ్లకు పెట్టవలసింది ఆ నలభై ప్రశ్నల పేపరు.

నాలుగు రోజులు. కూతురు దిండ్లకు ఆనుకుని, ఒక్కొక్క ఊపిరినీ తోడుకున్నట్టు తీసుకునేది. పెద్ద సిస్టర్ పూటకు రెండుసార్లు ఒక చిన్న గరాటులాంటిది కడుపు మీద ఆనించి, దానికి చెవి పెట్టి, కళ్లు మూసుకుని వినేది. ఆ కాసేపు నేనూ మా ఆవిడా కడుపును చూసేవాళ్లం కాదు. ఆమె ముఖాన్ని చూసేవాళ్లం. "కొట్టుకుంటాందిలే" అన్నాకే నేను పోయి బెంచీ మీద కూర్చునేవాణ్ణి.

రెండో రోజుకు కమలాపురానికి కబురు పోయింది. ఈసారి రెండు జీపులు. ఈసారి వియ్యపురాలు కాదు, సొంత కోడలు. ఆరేళ్లకు నిలిచిన వంశం. కిటికీలోంచి చూసిన పెద్ద సిస్టర్ నా వైపు తిరిగింది.

"పెద్దాయనా, గోడ పక్కన వేపచెట్టు ఉండాది. వెనక మెట్ల నుంచి దిగి ఒక మండ విరుచుకోని రా. బిరబిర పో."

తెచ్చాను. ఆమె దాన్ని తలుపు నడినెత్తిన, 'అనుమతి లేనిదే రాకూడదు' అన్న బోర్డుకు అడ్డంగా కట్టింది. నాకప్పుడు అర్థమైంది. నా చిన్నతనంలో ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే వాకిలికి వేపమండ కట్టేవారు. అంతే, ఆ గడపలో పరాయి కాలు పడేది కాదు. అన్నం వాకిట్లో పెట్టి కేక వేసి పోయేవారు. ఇంట్లోవాళ్లు బయటికి వచ్చేవారు కాదు. అమ్మవారికి కోపం వస్తుందని అనుకున్నారే గాని, చేసింది మాత్రం అక్షరాలా పెద్ద సిస్టర్ రాసిన ఆ ఐదో జవాబే. టీకాలవాళ్లను చూసి జొన్నచేలలో దాక్కున్న మనుషులు వేపమండను చూసి ఆగారు. మశూచి పోయింది, ఆ బుద్ధి కూడా దాంతోనే పోయింది.

మెట్ల మీద దడదడమని అడుగులు. సగం మెట్లకు వచ్చి ఆగిపోయాయి.

"ఇదేందమ్మా? వేపమండ కట్టినారు?" వియ్యంకుడి గొంతులో మొన్నటి జోరు లేదు.

"లోపల అంటుజబ్బు ఉండాదప్పా" అంది పెద్ద సిస్టర్.

"అమ్మవారా?"

"అమ్మవారని నేను చెప్పలా. అంటుజబ్బు అన్నా. ఇట్ల మండ కట్టిన ఇంటికి మీ అవ్వ ఏం చేసేదో అదే చేయండి."

వెనక ఉన్న ఆడవాళ్లు అప్పటికే చెప్పులు విప్పి, చెంపలు వేసుకుని, రెండు మెట్లు దిగారు. మొన్న మెటికలు విరిచిన ఆమె అందరికన్నా ముందు దిగింది. బ్రెడ్డు ప్యాకెట్లు మెట్ల పిట్టగోడ మీద వరసగా పెట్టారు.

వియ్యంకుడికి మాత్రం నోరు ఊరుకోలేదు. "కిరస్తానం సిస్టరమ్మవు, వేపమండ కట్టినావే!"

"వేపచెట్టును చేసింది గూడా మా దేవుడేనప్పా. దిగు, దిగు."

దిగాడు. రెండు జీపులూ తిరిగిపోయాయి. ఆ పూట వార్డులో వినిపించిన నిశ్శబ్దం మళ్లీ ఏ ఆసుపత్రిలోనూ వినలేదు.

నాలుగో రోజు సాయంత్రం కూతురికి చెమట పట్టింది. ఇడ్లీ కావాలని అడిగింది.

ఆ వారమే కళాశాల మేడం మళ్లీ వచ్చింది. శిక్షణ తరవాత అవగాహన ఎంత పెరిగిందో కొలవాలట. అవే నలభై ప్రశ్నలు. ఈసారి పెద్ద సిస్టర్ పది నిమిషాల్లో ముగించి ఇచ్చేసింది. మార్కులు బాగా వచ్చాయి. మేడం సంతోషించింది, శిక్షణ ఫలించిందని పుస్తకంలో వేస్తారట.

"ఈసారి టిక్కులు పెట్టినావామ్మా?" అని అడిగాను.

"పెట్టినా. వాళ్లకేం కావాల్నో ఆ మూడు దినాలూ అదే చెప్పినారు గదా."

మెచ్చుకోలు ఒక చేత్తో అందుకుంటుండగానే ఇంకో చేతికి మెమో వచ్చింది. తనిఖీకి వచ్చిన పెద్దాయన ఒకరు వార్డు తలుపుకు ఎండిన వేపమండ చూశాడు. వైద్యశాలలో మూఢనమ్మకాన్ని ప్రోత్సహించినందుకు సంజాయిషీ ఇవ్వాలి. ఒకరి తర్వాత ఒకరు పన్నెండు మంది ఒకే గుడ్డతో పోయిన తలుపు అది. అప్పుడు మెమో లేదు. అప్పుడు ఎవరూ రూలు తప్పలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. కాగితం, కలం తీసుకుని కూర్చున్నాను.

"ఏం రాస్తాండావు?"

"అర్జీ. పైవాళ్లకు."

"వద్దు సామీ, నీకు దండం పెడతా. నువ్వు అర్జీ రాస్తే పందులు పోయి జ్వరం ఉంటాదని మీ ఆవిడ చెప్పిందిలే."

సంజాయిషీ తానే రాసుకుంది. రెండే వాక్యాలు. 'వేపమండ తీసివేసితిని. తలుపు మూసియే ఉన్నది.'

నెలలు నిండాక కాన్పు అదే ఆసుపత్రిలో, ముందు వైపు పెద్ద వార్డులో అయింది. ఆడపిల్ల. కొంచెం సన్నగా ఉంది గాని గొంతు గట్టిది. ఆ వార్డుకు మాస్కు రూలు లేదు, కాపలా ఆయన లేడు, పెద్ద సిస్టర్ వేరే వైపు. నేను ఒక స్టూలు తెచ్చుకుని గడపకు అడ్డంగా వేసుకున్నాను. వియ్యపురాలిని చేతులు కడిగించి లోపలికి పంపాను. ఆమె ఒక్కతెనే.

మధ్యాహ్నానికి వియ్యంకుడు, వెనక ఎంతమందో నేను లెక్కపెట్టలేదు, వరండా నిండా వచ్చారు. ఒకరిద్దరు తుమ్ముతున్నారు కూడా.

"జరుగు బావా."

"ఇంకా పది దినాలు పోనీ. ఇంటికే వచ్చి చూడు."

"నా మనవరాలప్పా! తాతను నేను."

"నేనూ తాతనే. నేను గూడా ఇంకా ఎత్తుకోలేదు."

"ఇదేం పంతం? డాక్టరు ఆపలేదు, నర్సు ఆపలేదు. ఆపేదానికి నువ్వెవరు?"

"ఆ పొద్దు ఆపనోణ్ణి" అన్నాను.

ఆయన నా ముఖం చూశాడు. వెనకవాళ్లను కిందికి పొమ్మని చేత్తో సైగ చేశాడు. తను మాత్రం పోలేదు. గడపకు రెండు బారల దూరంలో గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని నేల మీదే కూర్చున్నాడు. లోపల పిల్ల ఏడుపు ఎత్తుకుంది. ఇద్దరం వింటూ కూర్చున్నాం.